నీళ్లంటని రాళ్లు

కురుమమ్మ కడిగిన గాజు గిన్నెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని నారాయణగూడలో ఒక కాలేజీ రెండో అంతస్తులో ఒక మాట ఉంది. ఆ మాట మొదట అన్నది కురుమమ్మే. తర్వాత మిగతావాళ్లు కూడా అనక తప్పలేదు. కాదన్నవాళ్ల ఏడు తరాలను ఆమె ఒక్క గుక్కలో కడిగేసేది మరి.

ఆమెది మక్తల్ దగ్గర పల్లె. పెళ్లయిన మూడో ఏడు మొగుడి వెంట పట్నం బస్సెక్కింది. ఆ కాలేజీకి పై అంతస్తు లేపుతున్నప్పుడు ఇసుక తట్టలు మోసింది. మొగుడు పోయాక అదే అంతస్తులో ఊడ్చే పనికి కుదిరింది. "నేను మోసిన ఇసుక మీద నేనే చీపురు పట్టిన" అని కొత్తగా వచ్చిన ప్రతి సారుకూ మొదటి రోజే చెప్పేది. ఆ గోడల మీద ఎవరికెంత హక్కుందో ముందే తెలిసి ఉండటం మంచిదని ఆమె ఉద్దేశం. ఊడ్చే పనిలోంచి ల్యాబులో గాజుసామాను కడిగే పనిలోకి మారి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఒక్క గాజు గిన్నె పగలలేదు. చదువు రెండో తరగతి దగ్గరే ఆగింది గానీ, ఏ సీసాలో ఏముందో వాసన చూడకుండా రంగును బట్టి చెప్పగలదు.

ఉండేది చిక్కడపల్లి బస్తీలో, ఒకే ఒక్క కిరాయి గది. తెల్లవారగానే అశోక్ నగర్‌లో సర్కారు పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్లో రెండు అంతస్తులు తుడిచి, అక్కడినుంచి నడుచుకుంటూ కాలేజీకి వస్తుంది. ఇన్ని పనులు మారినా ఆమె చేతిలో ఒక పద్ధతి మాత్రం మారలేదు. కడిగిన గిన్నెను తడిగా బోర్లించదు. చిన్నప్పుడు అత్త పెట్టిన నేమం అది. తడి గిన్నె బోర్లించిన కోడలిది సగం పనేనని ఆ ముసలమ్మ తీర్పు. అందుకని సబ్బుతో ఒకసారి, మంచినీళ్లతో మూడుసార్లు, సీసాలో వచ్చే శుద్ధమైన నీళ్లతో ఆఖరుసారి కడిగి, కొంగుతో లోపలా బయటా తుడిచి, కిటికీ వెలుగులో పెట్టి చూసి అప్పుడు అల్మారాలో సర్దుతుంది.

ఆ ల్యాబులో రాళ్ల మీద పరిశోధన చేసే అమ్మాయి వందన. గాంధీనగర్ పిల్ల. వాళ్ల తాత ఎప్పుడో కోస్తానుంచి ఆఫీసు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పిల్ల నెమ్మదస్తురాలు. మొదట్లో ఆమె చిన్న చిన్న రాతి బిళ్లలను నల్లటి నూనెలో నానబెడుతుంటే కురుమమ్మకు నవ్వాగలేదు.

"ఏం బిడ్డా, రాయికి నూనె పెడుతున్నవు? అదేమన్న పోచమ్మనా?"

"భూమిలో నూనె ఎలా ఉంటుందనుకుంటున్నావు కురుమమ్మా? చెరువులాగా ఉండదు. రాళ్ల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది."

"గారెల నూనె ఉన్నట్టా?"

"అచ్చం అట్లాగే. ఒక పక్కనుంచి నీళ్లు పంపి దాన్ని బయటికి తోస్తారు. కానీ రాయికేమో ఏళ్లతరబడి జిడ్డు పట్టి ఉంటుంది. నీళ్లు అంటుకోవు, పక్కనుంచి జారిపోతాయి. నూనెలో సగం పైగా లోపలే ఉండిపోతుంది."

"మరి రాయికి సబ్బు పెట్టుండ్రి."

వందన నవ్వింది. తను చేస్తున్నదీ దాదాపు అలాంటి పనేనంది. సబ్బుకు బదులు ఒక పొడి. వెంట్రుక అడ్డంలో ఆ రేణువులు వేలకొద్దీ వరసగా కూర్చోగలవంత సన్నం. దాన్ని నీళ్లలో కలిపితే పల్చటి పాలలా ఉంటుంది. జిడ్డు రాతిని అందులో ముంచి, కడిగి, మూత ఉన్న గాజు గిన్నెలో పెట్టి వేడి పెట్టెలో ఆరబెడితే రాయి మీద కంటికి కనబడని పూత ఏర్పడుతుంది. అప్పటిదాకా నూనెతో చుట్టరికం చేసిన రాయి నీళ్ల పక్షం చేరుతుంది. నీళ్లు నూనె అడుగునకు పాకి దాన్ని లేపేస్తాయి. పూత పట్టిందో లేదో తెలియాలంటే బిళ్ల మీద ఒక్క నీటి చుక్క వేసి పక్కనుంచి ఫొటో తీస్తారు. చుక్క ముత్యంలా నిలబడితే రాయి ఇంకా నూనె మనిషే. చుక్క చదునుగా పరుచుకుంటే గెలిచినట్టు.

ఆ బిళ్లలు కోసేది కురుమమ్మ సొంత తమ్ముడు బాలప్ప. కవాడిగూడలో వంటింటి గట్లకు గ్రానైటు కోసే మేస్త్రీ. "మా తమ్ముడు కోస్తె రాయికి తెలువకుంటనే రెండు ముక్కలైతది" అని చెప్పి ఆ పని ఇప్పించింది కురుమమ్మే. పెద్ద రాతిబండ అతని దగ్గరే ఉండేది. రూపాయి బిళ్లకు కాస్త పెద్దగా, ఎన్ని కావాలంటే అన్ని కోసి పంపేవాడు.

నాలుగు నెలలయింది. చుక్క పరుచుకోవడం లేదు.

చుక్క అంచు రాయితో చేసే కోణం ఇరవై డిగ్రీలు రావాలి, నూటపది వస్తోంది. ఒక్కో రోజు డెబ్బై, మళ్లీ నూటైదు. వందనకు గైడు జోగారావు సారు. రిటైరుమెంటుకు దగ్గరలో ఉన్న మనిషి. ఆయన పొడి మార్చాడు. నీళ్లు మార్చాడు. ఫొటో తీసే మిషనుకు మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ మిషను బాగుందన్నాడు. ఆ మాటకు సారుకు ఇంకా కోపం వచ్చింది. వందనకు గడువు ఇదివరకే రెండుసార్లు పెంచారు. నెలాఖరుకు కమిటీ ముందు సరైన లెక్కలు పెట్టకపోతే నాలుగేళ్ల చదువు అక్కడితో సరి.

ఒకసారి వందన భయపడుతూ భయపడుతూ అడిగింది. "కురుమమ్మా, ఈ గిన్నెలు ఎలా కడుగుతున్నావో ఒకసారి చెప్తావా?"

"ఏంది బిడ్డా? నా కడుగుడు మీదనే అనుమానమా? పదకొండేండ్ల సంది కడుగుతున్న. నీ పాలపండ్లు ఊడనప్పటి సంది కడుగుతున్న." సబ్బు ఒకసారి, మంచినీళ్లు మూడుసార్లు, సీసా నీళ్లు ఆఖరున అని ఏకరువు పెట్టి, ఆ రోజంతా మాట్లాడలేదు. ఇక ఎవరూ ఆ ఊసెత్తలేదు.

అంతలో ఊళ్లో మేనమామ పోయాడని కబురొస్తే అక్కాతమ్ముళ్లిద్దరూ వెళ్లారు. దినవారాలు అయ్యేదాకా ఉండి పదిరోజుల తర్వాత తిరిగొచ్చారు. కురుమమ్మ ల్యాబులో అడుగు పెట్టగానే జోగారావు సారు కుర్చీ చూపించాడు. సారు కుర్చీ చూపిస్తే మంచి వార్త కాదు.

"మీరు లేని పదిరోజులూ లెక్కలు బ్రహ్మాండంగా వచ్చాయి. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు."

"మంచిదే గద సారూ."

"ఎందుకొచ్చాయో తెలుసా? మీ తమ్ముడు ఊళ్లో లేడని బండలో సగం ముక్క కవాడిగూడ నుంచి తెప్పించి ఇక్కడ ఒక గ్రానైటు షాపులో కోయించాం. వాళ్ల బిళ్లలు బాగున్నాయి. అంటే మీ తమ్ముడి బిళ్లల్లోనే ఉంది రోగం. బ్లేడుకి మిషను నూనె రాసి కోస్తున్నాడు. ఆ నూనె మీద మన పొడి పట్టదు."

"రాయడు సారూ. నీళ్లు పోసుకుంటనే కోస్తడు."

"నువ్వు చూశావా పక్కన కూర్చుని?"

చూడలేదు. తన మాట మీదే వాడిని పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే కవాడిగూడ వెళ్లి, పని చేస్తున్న ఏడుగురి ముందు తమ్ముణ్ని నిలబెట్టి కడిగేసింది.

"ఏమ్రా బాలప్పా, నా మొకానికి మసి పూసినవ్ గదరా! నూనె వెయ్యొద్దంటే వేసినవ్. బ్లేడు అరుగుతదని పీనాసితనమా?"

"అక్కా, ఒట్టు. సుక్క నూనె తగలనియ్యలే."

"మరి రాళ్లకు నోరుండి అబద్ధం చెప్పినయా?"

బాలప్ప చేతిలో పైపు కింద పడేశాడు. "నీ సారుకు చెప్పు. ఇగ బాలప్ప చచ్చినా ఒక్క బిళ్ల కొయ్యడని. నువ్వు గూడ మా గడప తొక్కకు." తోటి పనివాళ్లు తలలు దించుకుని రాళ్లు చూసుకున్నారు.

అప్పటినుంచి బిళ్లలన్నీ షాపు నుంచే. మొదటి విడత వచ్చింది. కురుమమ్మ ఎప్పటిలా గిన్నెలు కడిగి సర్దింది. వందన ఎప్పటిలా ముంచి ఆరబెట్టింది. చుక్క ముత్యంలా నిలబడింది. నూటఎనిమిది.

జోగారావు సారు ఫోను తీసి షాపువాడి మీద పడ్డాడు. "మీరూ మొదలెట్టారా? నూనె లేకుండా ఒక్కడికీ చెయ్యాడదా ఈ ఊళ్లో?" ఫోను పెట్టేసి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. వందన కంప్యూటరు ముందు తల ఆనించి కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని కురుమమ్మకు అనిపించింది. ఊరుకున్న పిల్లను చూస్తే ఆమెకు చేతులు కాళ్లు ఆడవు.

ఇంటికి వెళ్లే దారి పొడుగునా ఒకటే ఆలోచన. తమ్ముడి బిళ్లలు చెడ్డవి. షాపు బిళ్లలు మంచివి. ఇప్పుడు షాపు బిళ్లలూ చెడ్డవి. పదిరోజుల్లో షాపువాడికి బుద్ధి మారిందా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియనప్పుడు వచ్చే కోపం ఉంటుందే, అది మనిషిని లోపలినుంచి గీరుతుంది.

మర్నాడు పొద్దున అశోక్ నగర్‌లో హాస్టలు పని ముగించుకుని సత్తవ్వ టీ బండి దగ్గర ఆగింది. చుట్టూ లావు పుస్తకాలు చంకన పెట్టుకున్న పిల్లలు నోటిఫికేషన్ మీద వాదించుకుంటున్నారు. సత్తవ్వ సోడాపొడి నీళ్లలో గ్లాసులు తోమి, మంచినీళ్లలో ముంచి చెక్క మీద బోర్లిస్తోంది. కురుమమ్మ అలవాటు ప్రకారం ఒక గ్లాసు తీసి కొంగుతో లోపలా బయటా తుడిచింది.

సత్తవ్వకు చిర్రెత్తింది. "రోజూ ఏందమ్మా నీ తుడుసుడు? నా గ్లాసులకు కుష్టు ఉన్నదా?" అని ఆ గ్లాసు లాక్కుని బకెట్లో ముంచి తీసి టక్కున చెక్క మీద పెట్టింది. "ఇగ తాగు. గిట్లనే తాగు."

కురుమమ్మ జవాబు వెతుక్కుంటూ గ్లాసు వైపు చూసింది. చూసి ఆగిపోయింది.

పక్క గ్లాసుల మీద నీళ్లు గాజు పొడుగునా పల్చటి పొరలా జారుతున్నాయి. తను తుడిచిన గ్లాసు మీద మాత్రం చుక్కలు చుక్కలుగా నిలబడి ఉన్నాయి. ముత్యాల్లా.

ఇంకో గ్లాసు తీసింది. తుడిచింది. తనే ముంచింది. చుక్కలు. మూడో గ్లాసు తుడవకుండా ముంచింది. పొర.

"ఓ కురుమమ్మా, దయ్యం పట్టిందా? టీ సల్లారుతుంది!"

కురుమమ్మ కొంగు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొబ్బరినూనె. పొద్దున నెత్తికి పెట్టుకుని, మెడా చేతులూ ఆ కొంగుకే తుడుచుకుంటుంది. నలభై ఏళ్లుగా అంతే. ఎంత ఉతికినా అందులో కాస్త ఉండనే ఉంటుంది. ఆ కొంగే మూత గిన్నెలోపల తిరిగింది. ఆ గిన్నెలోనే రాళ్లు వేడి పెట్టెకెక్కాయి. నీళ్ల పక్షం చేరిన రాయికి ఆమే ప్రతిరోజూ మళ్లీ తలంటు పోసింది.

తను ఊళ్లో ఉన్న పదిరోజులూ గిన్నెలు వందన కడుక్కుంది. ఆ పిల్లకు తుడిచే ఓపిక ఎక్కడిది? బోర్లించి వదిలేసి ఉంటుంది. సగం పని చేసే కోడలి గిన్నెల్లో రాళ్లు గెలిచాయి.

కాలేజీకి నడుస్తున్నంతసేపూ కురుమమ్మ తనను తాను తిట్టుకోలేదు. అత్తను తిట్టింది. కొబ్బరినూనెను తిట్టింది. వెంట్రుక అడ్డంలో వేలమందిని కూర్చోబెట్టే పొడిని కనిపెట్టినవాణ్ని తిట్టింది. ఇంత సున్నితం ఎందుకట రాయికి? రాయన్నాక రాయిలా పడి ఉండాలి.

కానీ ఎవరికీ చెప్పలేదు. గిన్నెలన్నీ మళ్లీ సబ్బుతో తోమి, తడిగా బోర్లించి, తుడవకుండా చేతులు వెనక్కి కట్టుకుంది. నీళ్లు కారుతున్న గిన్నెల వరసను చూస్తే వీపు మీద గొంగళిపురుగు పాకుతున్నట్టుంది. అదే రోజు షాపు నుంచి రెండో విడత బిళ్లలు వచ్చాయి. రెండు రోజులకు వందన అరిచిన అరుపుకు పక్క గదివాళ్లు వచ్చి తొంగి చూశారు.

"పంతొమ్మిది! సార్, ఆరింటికి ఆరూ! పంతొమ్మిది, ఇరవై ఒకటి..."

జోగారావు సారు మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది. "చూశావా? గట్టిగా నాలుగు అంటే గాని దారికి రారు. షాపువాడు బ్లేడు కడిగి కోశాడు. అంతే."

కురుమమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగింది. తప్పు తనది, కనిపెట్టింది తను. పేరు షాపువాడికి. కనిపెట్టానని చెప్పాలంటే చెడగొట్టానని చెప్పాలి. పదకొండేళ్ల మాట పోతుంది. పోనీ, లెక్కలు వచ్చాయి కదా, పిల్ల గట్టెక్కింది కదా అని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు అలవాటు లేని పని. మధ్యాహ్నానికే తల నొప్పి పట్టింది.

సాయంత్రం వందన కమిటీకి ఇచ్చే కాగితం టైపు చేస్తోంది.

"ఏం రాస్తున్నవు బిడ్డా?"

"ముందు ఎందుకు రాలేదో చెప్పాలిగా." వందన చదివి వినిపించింది. "రాతి బిళ్లలను మొదట కోసిన మేస్త్రీ బాలప్ప బ్లేడుకు నూనె వాడటం వల్ల తొలి నాలుగు నెలల ఫలితాలు చెడిపోయినవి."

"గది పుస్తకంల ఉంటదా?"

"ఉంటుంది. లైబ్రరీలో కూడా."

"ఎన్నేండ్లు?"

"ఎప్పటికీ."

కురుమమ్మ రెండు గాజు గిన్నెలు తీసుకుని తిన్నగా జోగారావు సారు గదిలోకి నడిచింది. వందన వెనకాలే పరుగెత్తింది. కురుమమ్మ ఒక గిన్నెను కొంగుతో తుడిచింది. రెండోదాన్ని ముట్టుకోలేదు. రెండింటి మీదా సారు మంచినీళ్ల సీసా వంచింది. ఒకదాని మీద పొర. ఒకదాని మీద ముత్యాలు. బల్ల మీది కాగితాలన్నీ తడిశాయి.

"నా నెత్తి నూనె సారూ. మా తమ్ముడు ఏం చెయ్యలే. గా కాగితంల వాని పేరు తీసి నా పేరు రాయుండ్రి."

సారు తడిసిన కాగితాలు పక్కకు లాక్కుని ఆ ముత్యాల వంక చూశాడు. "నాలుగు నెలలు కురుమమ్మా. మిషను విప్పించాను. పొడి మార్పించాను. నువ్వు తుడుస్తున్నానని ఒక్కసారి చెప్పలేదేం?"

"మీరు అడిగిండ్రా?"

"వందన అడిగిందిగా!"

"కడుగుడు అడిగింది. తుడుసుడు అడుగలే."

వందన గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వి నవ్వి చివరికి కళ్లు తుడుచుకుంది. తర్వాత సారే తేరుకుని అసలు సంగతి చెప్పాడు. ఇలా కారణం తేలాక కమిటీ ఊరుకోదు. బాలప్ప కోసిన బిళ్లలతోనే మళ్లీ చేసి చూపమంటుంది. పాతవన్నీ వాడేశారు. మిగిలిన బండ అతని దగ్గరే ఉంది. ఎల్లుండికి తొమ్మిది బిళ్లలు కావాలి.

"నేను ఫోన్ చేస్తాను" అంది వందన.

"నీ ఫోను ఎత్తడు. నేనే పోత."

కవాడిగూడలో మిషన్లు ఆగి, పనివాళ్లు సద్దులు విప్పే వేళకు మర్నాడు వెళ్లింది. బాలప్ప ఆమెను చూసి అటు తిరిగాడు. కురుమమ్మ నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"బాలప్పా, తప్పు నీది గాదు. నాది. నా కొంగు నూనె."

బాలప్ప అన్నం కలుపుతూనే అన్నాడు. "ఆ రోజు గింత మెల్లగ తిట్టలేదు గద అక్కా. గిప్పుడేంది గొంతు లేస్తలేదు?"

కురుమమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాది! వీడు నూనె వెయ్యలే! నేనే గిన్నెలు చెడగొట్టి వీని మీదేసిన!"

"దుర్గయ్యకు ఇనబడలే. ఆయనకు జర చెవుడు."

"నీ దుర్గయ్య చెవులల్ల రాయి గొట్ట!" అని, దుర్గయ్య దగ్గరికి నడిచి, ముసలాయన చెవి దగ్గర వంగి మూడోసారి చెప్పింది. దుర్గయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, "నాకు మొదటిసారే ఇనబడ్డది" అన్నాడు. పనివాళ్లంతా గొల్లుమన్నారు.

బాలప్ప నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, మూల గోనెపట్టా కింద ఉన్న బండను మిషను మీదికి ఎత్తాడు. పైపు ఆమె చేతికిచ్చాడు. "నీళ్లు నువ్వే పట్టు. నూనె పోస్తున్ననో లేదో పక్కన నిలబడి చూడు. ఎన్ని?"

"తొమ్మిది."

మిషను కీచుమంది. రాతిపొడి కలిసిన బురదనీళ్లు ఆమె చీర మీదా, జుట్టు మీదా చిమ్మాయి. బిళ్ల వెంట బిళ్ల పళ్లెంలో పడింది. బాలప్ప పన్నెండు కోసి ఆపాడు.

"మూడు ఎక్కువెందుకురా?"

"మళ్ల ఏదన్న చేసి చెడగొడ్తవని."

ఆమె దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పదునైనదే. కానీ రేపటి దాకా వీడితో పని ఉంది. "కాగితంల నీ పేరు తీసేసిండ్రు" అని మాత్రం అంది.

"తీసేసుడేంది? బిళ్లలు కోసినోడు బాలప్ప అని రాయమను. కవాడిగూడ అని గూడ."

"రాపిస్త."

"గడప తొక్కొద్దన్న గద. గా మాట తీసేస్తున్న. ఆయితారం రా. మీ మరదలు రొట్టెలు చేస్తది."

కురుమమ్మ పన్నెండు బిళ్లలను వందన ఇచ్చిన సీసాలో వేసి మూత బిగించి నారాయణగూడ వైపు నడిచింది. బురద ఎండి చీర అట్టకట్టింది. మూడుసార్లు చెప్పించాడు వెధవ. చెవిటివాడి వేషం వేయించాడు ముసలాడితో. సిగ్నలు దగ్గర ఆటోవాడు పక్కకు జరగమని హారను కొడితే, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆ హారను మీద పడింది. పాపం, ఆ ఆటోవాడికి తను చేసిన తప్పేమిటో ఇప్పటికీ తెలియదు.